సూపర్ ఫాస్ఫేటు చెలకలో చిక్కుకొనకుండుటకు



చిలుమెక్కిన రాగిచెంబును చింతపండుతో తోమినచో తళతళలాడుట మన యిండ్లలో నిత్యము చూచునదే. చింతపండులోని టార్టారికామ్లము చిలుమును పట్టుకొని లోహమునుండి విడదీయును. ఇట్టి సేంద్రియామ్లములే పొలములో కంటి కగపడక పైరునకు మేలు చేయుచున్నవి.

చెలకనేల యెఱుపునకు కారణము ఇనుప త్రుప్పు. అది సన్నని రేణువులుగా మట్టి నంటియుండును. తడిసినపుడు, ముఖ్యముగా పులుపు గల నేలలో, ఆ రేణువులపై ధనవిద్యుత్తు నిలుచును. సూపర్ ఫాస్ఫేటులోని భాస్వరము నీట కరగి ఋణవిద్యుత్తు గలదగును. అందుచే నది త్రుప్పు చేత ఆకర్షింపబడి, గట్టిగా ముడిపడిపోవును. వేసిన భాస్వరములో నూటికి 15 మొదలు 20 పాళ్లు మాత్రమే మొదటి పైరునకు దక్కునని సాధారణముగా లెక్కింతురు. సంఘమున అప్పుచేసి కొన్న యెరువు మన నేలలోనే యుండియు పైరునకు అందకపోవుట యెంతటి నష్టము!

పెంటయెరువు, పచ్చిరొట్ట కుళ్లునపుడు సిట్రికామ్లము, ఆక్సాలికామ్లము మున్నగునవి పుట్టును. ఇవియు ఋణవిద్యుత్తు గలవే గాన త్రుప్పుపై నవే స్థానముల నాక్రమించును. దీనినే అధిశోషణ మందురు. ఒక్క చేయి గల వినెగరు పులుపుకంటె మూడు చేతులు గల నిమ్మపులుపు గట్టిగా పట్టును. పంక్తిలో విస్తళ్లు ముందే నిండినచో వెనుక వచ్చినవానికి చోటుండదు గదా! అట్లు చోటు దొరకని భాస్వరము వేళ్లకు అందును. అయితే భాస్వరము పట్టు మిక్కిలి గట్టిది. ఆమ్లములనో, సూక్ష్మజీవులు కొలది దినములలోనే తినివేయును. కావున పిడికెడు పెంటతో పని కాదు; ఏటేట తోలుచుండవలెను.

కందిపైరు ఈ పనిని తానే చేసికొనును. కంది వేళ్లు పిసిడికామ్లమును స్రవించి, ఇనుముతో ముడిపడిన భాస్వరమును విడిపించునని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1990లో ప్రకటించిరి. జొన్నకు ఆ శక్తి లేదు. జొన్నలో కంది సాళ్లు వేయు మన పెద్దల వాడుక యెంత తెలివైనదో చూడుడు.

నల్లరేగడిలో భాస్వరమును బంధించునది ముఖ్యముగా సున్నము; అక్కడి సంగతి వేఱు. చెలక రైతులు మాత్రము సూపర్ ఫాస్ఫేటును చేనంతట వెదజల్లక, బాగుగా మాగిన పెంటతో కలిపి, విత్తనము ప్రక్కనే కొంచెము లోతున సాళ్లలో వేయవలెను. నా మాట నమ్మనక్కఱలేదు. ఒక చేనినే రెండు భాగములు చేసి, ఒకదానిలో వాడుక చొప్పున, రెండవదానిలో ఈ విధముగ వేసి, కళ్లమున తూచి చూచుకొనుడు.