ఫోనుకూ ఒక వేళ

పిల్లవాడు అన్నం తినడం లేదు. తల్లి ఫోను తీసి బొమ్మల పాట పెట్టింది. పిల్లవాడు నోరు తెరిచాడు. ముద్ద లోపలికి వెళ్ళింది. ఏం తిన్నాడో వాడికి తెలియదు. పప్పన్నమో పెరుగన్నమో తెలియదు. కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. పాట ఆగితే మాత్రం తెలుస్తుంది. వెంటనే ఏడుపు మొదలు.

"ఫోను ఇస్తే గాని తినడమ్మా, ఏటి సేస్తాం?" అంటారు తల్లులు. అనకాపల్లి పేటలో ఇదే మాట. కశింకోట వైపు పల్లెల్లోనూ, మునగపాక వైపు పల్లెల్లోనూ ఇదే మాట.

ఇందులో తల్లిని తప్పు పట్టడం తేలిక. కాని ఆమె రోజు ఎలా గడుస్తుందో కూడా చూడాలి. చీకటితో లేచి, వంట చేసి, అచ్యుతాపురం కంపెనీ బస్సు ఎక్కే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. చెరకు కోతకు వెళ్ళేవారు ఉన్నారు. బెల్లం వండే చోట పనిచేసేవారు ఉన్నారు. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. పిల్లవాడు ఒక్క గంట కదలకుండా కూర్చుంటే చాలు అనిపిస్తుంది. ఫోను ఆ పని చేసి పెడుతుంది. జీతం అడగని ఆయా దొరికినట్టే ఉంటుంది. కాని ఆ ఆయా జీతం ఇంకో రకంగా తీసుకుంటుంది.

ఫోను ఇంట్లోకి ఎలా వచ్చింది?

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఇంటర్నెట్ చౌక అయింది. అంతవరకు మాటలకే వాడిన ఫోను సినిమా హాలు అయింది. తర్వాత 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూశారు. పాఠాలు ఫోనులోకి వచ్చాయి. దూరదర్శన్ సప్తగిరిలో కూడా పాఠాలు చెప్పారు. కాని ఎక్కువ మంది పిల్లలకు ఫోనే దిక్కు అయింది. అప్పు చేసి ఫోను కొన్న ఇళ్ళు ఉన్నాయి. మళ్ళీ బడులు తెరిచారు. అప్పు తీరింది. ఫోను మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

2023 జూలైలో యునెస్కో ఒక నివేదిక ఇచ్చింది. యునెస్కో అంటే ప్రపంచంలోని చాలా దేశాలు కలిసి నడిపే సంస్థ, చదువు దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. బడిలో ఫోను పక్కన ఉంటే పిల్లల ధ్యాస చెదురుతుందని ఆ నివేదిక చెప్పింది. తర్వాతి నెలలోనే, అంటే 2023 ఆగస్టులో, మన రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు బడికి ఫోను తేకూడదు. మాస్టార్లు కూడా పాఠం చెప్పేటప్పుడు ఫోను వాడకూడదు. మంచిదే. కాని బడి సాయంత్రం దాకానే. ఆ తర్వాత రాత్రి పడుకునేదాకా పిల్లలు ఉండేది ఇంట్లో. ఇంటికి ఉత్తర్వు ఎవరు ఇస్తారు?

చేతిలోంచి ఎందుకు దిగదు?

నూకాలమ్మ జాతరలో రంగులరాట్నం ఎక్కని పిల్లలు ఉండరు. కొన్ని చుట్లు తిప్పుతాడు. ఆపేస్తాడు. దిగాలి. మళ్ళీ ఎక్కాలంటే మళ్ళీ డబ్బులు. తల్లి "ఇక చాలు, నడు" అంటుంది. పిల్లవాడు నాలుగు అడుగులు ఏడుస్తూ వచ్చి తర్వాత జీళ్ళ దుకాణం చూసి మరిచిపోతాడు.

ఫోనులో ఆ రాట్నం ఆగదు. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది. వేలితో పైకి తోస్తే కొత్తది వస్తుంది. ఎంత తోసినా అడుగు కనిపించదు. ఇలా అంతు లేకుండా జరుపుకుంటూ పోయే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికా ఇంజనీరు తయారు చేశాడు. జనం టైము ఇంతగా పోతుందనుకోలేదని తర్వాత ఆయనే బాధపడ్డాడు.

ఇంకో కిటుకు ఉంది. మీరు దేని దగ్గర ఎక్కువసేపు ఆగారో ఫోనులోని యాప్ గుర్తు పెట్టుకుంటుంది. కోడిపందెం దగ్గర ఆగితే కోడిపందేలు చూపిస్తుంది. చీరల దగ్గర ఆగితే చీరలు. పిల్లవాడు బొమ్మ కార్ల దగ్గర ఆగితే వరసగా బొమ్మ కార్లే. ఇదంతా మనకు ఉచితం. మరి వాళ్ళకు డబ్బు ఎలా వస్తుంది? మధ్యలో వచ్చే ప్రకటనల వల్ల వస్తుంది. మనం ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు. అన్ని డబ్బులు. అంటే అక్కడ అమ్ముడుపోతున్నది మన పొద్దు. ఈ సంగతి తెలిస్తే పిల్లవాడి మీద కోపం కొంచెం తగ్గుతుంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూర్చుని తయారు చేసిన యంత్రం అది. నాలుగేళ్ళ వాడు దాన్ని ఎదిరించి ఎలా నిలబడతాడు?

పోయేది ఏమిటి?

చిన్న పిల్లలకు ముందుగా మాట పోతుంది. మాట చెవితో వింటే రాదు. ఎదురు మాట్లాడితే వస్తుంది. పిల్ల "అత్త" అంటుంది. తల్లి "అత్త ఏదీ?" అంటుంది. పిల్ల వేలు చూపిస్తుంది. ఇలా ఇచ్చి పుచ్చుకుంటే మాట పెరుగుతుంది. ఫోను మాట్లాడుతుంది గాని పిల్ల మాట వినదు.

తర్వాత కళ్ళు. తెర చూసేటప్పుడు రెప్ప తక్కువగా కొట్టుకుంటుంది. కళ్ళు ఎండినట్టు అవుతాయి, మండుతాయి. ఎప్పుడూ దగ్గరి వస్తువునే చూసే పిల్లలకు దూరపు చూపు మసకబారే ప్రమాదం ఉంది. బడిలో బోర్డు మీది అక్షరాలు కనిపించవు. పిల్ల మొద్దు అనుకుంటారు. నిజానికి కళ్ళజోడు కావాలి. రోజూ బయట వెలుతురులో ఆడే పిల్లలకు ఈ ఇబ్బంది తక్కువ. ఫోను చూడక తప్పని పని ఉంటే 20 నిమిషాలకు ఒకసారి ఆపాలి. 20 అడుగుల దూరంలో ఉన్న దాన్ని 20 సెకన్లు చూడాలి. వీధి అవతల కొబ్బరిచెట్టు ఉంటే చాలు.

నిద్ర సంగతి సరేసరి. రాత్రి ఫోను వెలుతురు కళ్ళలో పడితే నిద్ర వెనక్కి పోతుంది. చూసిన బొమ్మలు బుర్రలో తిరుగుతూ ఉంటాయి. బడి పిల్లలకు రాత్రి తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. పదకొండు దాకా ఫోను చూసిన పిల్ల పొద్దున్న బడిలో తూగుతుంది.

ఇక పెద్దవాళ్ళకు పోయేది ఒకటి ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది అక్షరం. రాత్రి బడిలో కష్టపడి నేర్చిన అక్షరాలు వాడకపోతే మరుగున పడిపోతాయి. అందుకే మొదటి వాచకం అయిపోయాక చదువుకోవడానికి ఇలాంటి పుస్తకాలు వేస్తారు. ఫోనుకు అక్షరంతో పని లేదు. మైకు గుర్తు నొక్కి నోటితో అడిగితే పాట వస్తుంది. కబురు కూడా గొంతుతోనే పంపవచ్చు. ఆరు నెలలు అలా గడిచాక బస్సు మీది బోర్డు చదవబోతే ఒత్తులు తడబడతాయి. ఫోనులో పాట కావాలంటే పాట పేరు అక్షరాలు నొక్కి వెతకండి. కూతురు పంపిన కబురుకు రెండు మాటలు రాసి పంపండి. తప్పులు పోతే పోనివ్వండి.

ఎంతసేపు చూడవచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది. ఏడాది నిండని పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద ఒక గంటకు మించకూడదు. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా దాదాపు ఇదే చెప్పింది. రెండేళ్ళ లోపు పిల్లలకు ఫోను వద్దంది. దూరాన ఉన్న తండ్రితోనో అమ్మమ్మతోనో వీడియోలో మాట్లాడించడం మాత్రం పరవాలేదంది. ఐదేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లలకు రెండు గంటల లోపే ఉండాలంది. ఇవన్నీ పై హద్దులు. తక్కువైతే ఇంకా మేలు.

ఒక చిన్న లెక్క చేద్దాం. రోజుకు 2 గంటలు చూస్తే నెలకు 60 గంటలు. ఏడాదికి 730 గంటలు. రోజుకు 8 గంటల పని అనుకుంటే 91 రోజుల పని! మూడు నెలల పైమాట. రోజుకు నాలుగు గంటలు చూసేవాళ్ళు మిగతా లెక్క వాళ్ళే చేసుకోవచ్చు.

మీ ఇంట్లో ఎంతసేపో ఫోనే చెబుతుంది. సెట్టింగ్స్ తెరవండి. పళ్ళచక్రం గుర్తు ఉంటుంది. అందులో కిందికి వెళితే డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో డిజిటల్ సంక్షేమం అని ఉంటుంది. అది నొక్కితే ఈ రోజు ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు చూశారో అంకెల్లో కనిపిస్తుంది. ఏ యాప్ ఎంతసేపో కూడా విడివిడిగా ఉంటుంది. ఒక్కొక్క దానికి హద్దు పెట్టవచ్చు. అరగంట అని పెడితే అరగంట కాగానే అది మూసుకుంటుంది. మళ్ళీ అర్ధరాత్రి దాటితే గాని తెరుచుకోదు. తెలివైన పిల్లలు ఆ హద్దు తీసేయడం కూడా నేర్చేస్తారనుకోండి. అందుకని ఫోను తాళం అంకెలు తల్లికే తెలియాలి. "నీకు ఫోను గురించి ఏటి తెలుసు?" అనే కొడుకు ముందు తల్లి ఆ అంకెలు గట్టిగా చదివితే, ఇంట్లో ఆమె మాటకు బరువు వస్తుంది.

మాన్పించడం ఎలా?

ఒక్కసారి లాక్కుంటే పని జరగదు. కొడితే అసలు జరగదు. పిల్లవాడు దొంగతనంగా చూడడం నేర్చుకుంటాడు. బెల్లం వండేవాళ్ళను చూడండి. మంట ఒకేసారి ఆర్పరు. పాకం చూసుకుంటూ తగ్గిస్తారు. ఇదీ అంతే. రోజుకు మూడు గంటలు చూసే పిల్లవాడికి ఈ వారం రెండున్నర. వచ్చే వారం రెండు. ముందే చెప్పాలి. "ఈ రెండు పాటలు అయ్యాక తీసేస్తాను" అనాలి. అన్నాక తీసేయాలి. ఏడుస్తాడు. మొదటి మూడు నాలుగు రోజులు గట్టిగానే ఏడుస్తాడు. ఏడుపుకు లొంగి ఇస్తే, ఏడిస్తే వస్తుందని వాడికి పాఠం నేర్పినట్టే.

తీసుకున్న చేతిలో ఇంకోటి పెట్టాలి. అష్టాచెమ్మా గీయడానికి సుద్దముక్క చాలు. వామనగుంటలకు చింతపిక్కలు చాలు. తొక్కుడుబిళ్ళకు పెంకుముక్క చాలు. చిక్కుడుకాయలు వలిచే పని కూడా చిన్న పిల్లలకు ఆటే. అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళే పిల్లలైతే ఈ ఏర్పాటు అమ్మమ్మతో కూడా మాట్లాడుకోవాలి. తల్లి కట్టడి పెట్టి, అమ్మమ్మ జాలిపడి ఇస్తే లాభం లేదు.

అన్నం దగ్గర ఫోను వద్దు, పక్క మీద వద్దు. ఈ రెండూ అయితే సగం పని అయినట్టే. కాని ఈ కట్టడి పెద్దలకూ ఉండాలి. తండ్రి మంచం మీద పడుకుని వీడియోలు తోసుకుంటూ "ఒరే, పుస్తకం తియ్యి" అంటే ఏ పిల్లవాడూ తీయడు. తీయకపోవడమే న్యాయం.

పదో తరగతి, ఇంటర్ పిల్లల సంగతి వేరు. వాళ్ళకు ఫోనుతో పని ఉంటుంది. పరీక్ష ఫలితం అందులో, కాలేజీ కబురు అందులో. వాళ్ళతో కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. రాత్రి ఇన్నింటికి ఫోను వంటింటి గూట్లో పెట్టాలి అని. అమ్మ ఫోను కూడా ఆ గూట్లోనే.

ఊరంతా కలిస్తే

మహారాష్ట్రలో సాంగ్లి జిల్లా ఉంది. అక్కడ వడ్గావ్ అనే ఊళ్ళో 2022 ఆగస్టు 15న ఒక కొత్త పని మొదలుపెట్టారు. ముందు ఆడవాళ్ళతో సభ పెట్టారు. సాయంత్రం ఏడు గంటలకు సైరన్ మోగించాలనుకున్నారు. సైరన్ మోగగానే ఊరంతా ఫోన్లు, టీవీలు కట్టేయాలి. ఎనిమిదిన్నరకు మళ్ళీ సైరన్. ఆ గంటన్నర పిల్లలు చదువుకోవాలి, పెద్దలు మాట్లాడుకోవాలి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఇంటింటికి తిరిగి చెప్పారు. పక్కింట్లో టీవీ మోగుతుంటే మన పిల్లవాడు కుదురుగా కూర్చోడు కదా! అందుకే ఆ ఊరివాళ్ళు ఒక్కో ఇంటితో కాక ఊరితో మొదలుపెట్టారు.

మన రాష్ట్రంలోనూ ఇలా కలిసినవాళ్ళు ఉన్నారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో పాఠం చదివారు. సారా గురించి మాట్లాడుకున్నారు. దుకాణం వద్దన్నారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాను, ఫోనును ఒకే గాటన కట్టకూడదు. ఫోనుతో పనులు ఉన్నాయి. సారాతో ఏ పనీ లేదు. కాని ఒక ఇంటి వల్ల కానిది పది ఇళ్ళు కలిస్తే అవుతుందనే సంగతి రెండు చోట్లా ఒకటే. పొదుపు సంఘం సమావేశంలో ఒక పావుగంట ఈ మాట ఎత్తవచ్చు. ఒక వీధి వరకైనా సాయంత్రం ఒక గంట పెట్టుకోవచ్చు. సైరన్ లేకపోతే పళ్ళెం, గరిటె చాలు.

కొందరి విషయంలో ఇవేవీ పనిచేయవు. ఫోను తీస్తే వస్తువులు విసిరేస్తారు. తిండి, నిద్ర, బడి మానేస్తారు. ఆటల్లో డబ్బులు పోగొట్టి ఇంట్లో దాచిపెడతారు. అది మొండితనం అనుకోకూడదు. వైద్యం కావాలి. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇలాంటివారి కోసమే 2014లో ఒక విభాగం తెరిచారు. అంత దూరం వెళ్ళకుండా ముందు టెలి మానస్‌కు ఫోను చేయవచ్చు. నంబరు 14416. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు తీసుకోరు. తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లవాడికి ఎన్నేళ్ళు, రోజుకు ఎంతసేపు చూస్తున్నాడు, ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నాడు అని అడుగుతారు. ఫోనులో చూసిన గంటల అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని మాట్లాడితే చెప్పడం తేలిక.