ఉక్కు నగరంలో చదువుల కొలిమి
ఐఐటీలకు బాట వేసిన భిలాయి పాఠశాలకు బలం ప్లాంటే. ఇప్పుడు బెంగా దాని గురించే.

భిలాయి అనగానే రైలు పట్టాలు గుర్తొస్తాయి. 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా తయారుచేసే మిల్లు అక్కడుంది. కానీ ఐఐటీ సీటు కోసం కలలుగనే కుటుంబాలకు ఆ ఊరు మరో రకంగా పరిచయం. సెక్టార్-10లోని సీనియర్ సెకండరీ స్కూలు 1990ల నుంచి ఐఐటీలకు విద్యార్థులను పంపడంలో దేశమంతటా పేరు తెచ్చుకుంది. అదేమీ లక్షల ఫీజులు గుంజే ప్రైవేటు సంస్థ కాదు. ప్రభుత్వ రంగంలోని భిలాయి ఉక్కు కర్మాగారం నడిపే సీబీఎస్‌ఈ పాఠశాల.

దీని మూలాలు ప్లాంటు పుట్టుకలోనే ఉన్నాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దుర్గ్ పక్కన లేచిన టౌన్‌షిప్‌కు దేశం నలుమూలల నుంచీ జనం తరలివచ్చారు. వారిలో తెలుగువాళ్లూ తక్కువేమీ కాదు. ఇల్లు, ఆస్పత్రి, బడి అన్నీ ప్లాంటే సమకూర్చింది. సొంతూళ్లో పొలం పుట్ర వదిలి వచ్చినవారికి పిల్లల చదువే ఆస్తి అయింది.

ఇంజనీరు కొడుకు, ఫర్నేస్ దగ్గర షిఫ్టు చేసే కార్మికుడి కూతురు ఒకే బెంచీ మీద కూర్చునే అవకాశం అలా వచ్చింది. ఐఐటీలో చేరిన కుర్రాడు పక్క వీధిలోనే ఉంటే, ఆ పరీక్ష బ్రహ్మవిద్యలా అనిపించదు. భిలాయిలోనూ కోచింగ్ సెంటర్లు వెలిశాయి, నిజమే. కానీ తెలుగునాట ఇంటర్ అంటే హాస్టల్ గదిలో రెండేళ్ల బందిఖానా అయిన కాలంలో, అక్కడి పిల్లలు ఇంట్లో అమ్మ చేతి అన్నం తింటూనే ర్యాంకులు తెచ్చుకోగలిగారు.

ఆ పునాది ఇప్పుడు కుంగుతోంది. ఆధునికీకరణతో ప్లాంటులో ఉద్యోగులు తగ్గారు. వారితోపాటే టౌన్‌షిప్ బడుల్లో పిల్లలూ తగ్గారు. దాంతో ఎన్నో బడులు మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి.

విచిత్రమేమిటంటే, ఇన్నేళ్లూ పిల్లలను దూరాన ఉన్న ఐఐటీలకు పంపిన ఊరి పేరుతోనే 2016లో ఓ ఐఐటీ మొదలైంది. దుర్గ్ జిల్లాలోని దాని శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఐఐటీ గడప దాకా వచ్చింది. కార్మికుడి బిడ్డను ఆ గడప దాటించిన బడిని నిలబెట్టుకోవడమే ఇక అసలు పరీక్ష.