ప్రయాణానికి త్రైరాశికం



సెలవులు దగ్గర పడగానే మన ఇళ్లల్లో ప్రయాణాల ముచ్చట మొదలవుతుంది. సిరొంచ వైపు పిల్లలు కమలాపూర్ ఏనుగులను చూస్తామంటారు. కమలాపూర్ వైపు పెద్దలు కాళేశ్వరం పోయి, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మునిగి, ఒకే పానవట్టం మీద వెలసిన రెండు లింగాలను దర్శించుకుని వద్దామంటారు. ఒకప్పుడు సిరొంచ దగ్గర పడవ ఎక్కి గోదావరి దాటేవాళ్లం. ఇప్పుడు వంతెన ఉంది, బండి నేరుగా పోతుంది. అయినా బయలుదేరే ముందు ఒక పది నిమిషాలు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చోవాలని ఈ రోజు మీకు మనవి చేస్తున్నాను.

మన పిల్లలు బడిలో మరాఠీలో 'గుణోత్తర్', 'ప్రమాణ్' అని చదువుతారు. తెలుగులో వాటినే నిష్పత్తి, అనుపాతం అంటాం. ఒక మాట మాత్రం రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. అది త్రైరాశికం. మూడు సంఖ్యలు తెలిస్తే నాలుగోది కనుక్కునే పద్ధతి అది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన గణితాన్ని తెలుగులోకి తెచ్చాడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతి రాశాడు. త్రైరాశికం అంతకన్నా పాతది. అంత పాత లెక్కను నేను ఒకసారి తప్పు చేశాను. ఆ కథే ముందు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మా అమ్మను తీసుకుని కమలాపూర్ నుంచి కాళేశ్వరం బయలుదేరాం. లెక్క సులువుగా ఉండటానికి దూరం 80 కిలోమీటర్లు అనుకోండి. అందులో సగం గుంతల దారి, గంటకు 20 కిలోమీటర్లకు మించి పోలేం. మిగతా సగం మంచి దారి, 60 పోవచ్చు. నేను 20, 60 కూడి సగం చేశాను. సగటు 40 వచ్చింది. 80 కిలోమీటర్లకు 2 గంటలు. ఉదయం 7 గంటలకు బయలుదేరితే 9కి కాళేశ్వరంలో ఉంటాం అనుకున్నాను. అమ్మకు షుగరు ఉంది. మాత్ర వేసుకున్న అరగంటలో తినాలని డాక్టరు చెప్పారు. అందుకని 8:30కి దారిలోనే మాత్ర వేయించాను.

9 గంటలకు మేమింకా సరిగ్గా సగం దారిలో ఉన్నాం. మరి కాసేపటికి అమ్మకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. డ్రైవరు దగ్గర చాయ్ కోసం పెట్టుకున్న చక్కెర పొట్లం ఉండబట్టి, నీళ్లలో కలిపి తాగించాం. తేరుకుంది. అప్పుడు డ్రైవరు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "సారూ, బండికి మీ లెక్క తెల్వదు, దారే తెలుసు."

తప్పు ఎక్కడ జరిగింది? రెండు ముక్కల దూరం సమానం, కానీ వాటికి పట్టే కాలం సమానం కాదు. గుంతల దారి 40 కిలోమీటర్లు, గంటకు 20 చొప్పున 2 గంటలు. మంచి దారి 40 కిలోమీటర్లు, గంటకు 60 చొప్పున 40 నిమిషాలు. మొత్తం 2 గంటల 40 నిమిషాలు. అంటే అసలు సగటు వేగం 40 కాదు, 30. వేగాలు 1కి 3 చొప్పున ఉంటే కాలాలు 3కి 1 చొప్పున తిరగబడతాయి. దీన్నే విలోమానుపాతం అంటాం. ఎక్కువ సేపు నెమ్మదిగానే పోతాం కాబట్టి సగటు నెమ్మది వైపే లాగుతుంది. అందుకని వేగాలను కూడి సగం చేయకండి. దారిని ముక్కలు చేసి, ఏ ముక్కకు ఆ ముక్క కాలం కట్టి, కాలాలను కూడండి.

డీజిలు సంగతీ అంతే. మంచి దారిలో మీ జీపు 5 లీటర్లకు 80 కిలోమీటర్లు పోయింది. రానూ పోనూ 160 కిలోమీటర్లకు ఎంత? దూరం రెట్టింపయితే డీజిలు రెట్టింపు, 10 లీటర్లు. ఇది అనులోమానుపాతం. కానీ గుంతల దారిలో లీటరుకు 10 కిలోమీటర్లే వస్తే? ఆ 80 కిలోమీటర్లకు 8 లీటర్లు, మంచి దారి 80కి 5 లీటర్లు, మొత్తం 13. ఆ తేడా 3 లీటర్లు అడవి మధ్యలో తెలిసొస్తే ఏం చేస్తాం? ఫోనుకు సిగ్నలు కూడా అందని చోటు ఉండవచ్చు.

ఇక ఖర్చు. రెండు కుటుంబాలు కలిసి పోతున్నాయి. ఒకరు 5 మంది, మరొకరు 3 మంది. జీపు కిరాయి 2400 రూపాయలు అనుకుందాం. 5, 3 కలిపితే 8 భాగాలు, భాగానికి 300. మొదటివారికి 1500, రెండోవారికి 900. చివరి నిమిషంలో రెండో ఇంటి నుంచి ఇద్దరు ఆగిపోతే కిరాయి తగ్గదు. అప్పుడు 6 భాగాలు, భాగానికి 400. మనుషులు తగ్గితే తలా ఒక్కరి మీద బరువు పెరుగుతుంది. ఈ మాట ముందే అనుకుంటే దారిలో మాట పట్టింపులు రావు.

వంటింట్లోకి వస్తే, 8 మందికి కిలో బియ్యం పులిహోర సరిపోతే 12 మందికి కిలోన్నర. ఇది అనులోమం. కానీ కిలో బియ్యం ఉడకడానికి 20 నిమిషాలు పడితే కిలోన్నరకు 30 నిమిషాలు పట్టాలని లేదు. కొన్నిటికి త్రైరాశికం అసలు వర్తించదు. కాబట్టి గుణించే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది పెరిగితే అది పెరుగుతుందా, తగ్గుతుందా, లేక అలాగే ఉంటుందా? ఆ నిష్పత్తి దారి పొడవునా మారకుండా ఉంటుందా? ఈ రెండిటికీ జవాబు దొరికాకే పెన్సిలు కదపండి.

తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. దారికి 2 గంటల 40 నిమిషాలు, మధ్యలో చాయ్‌కి, పిల్లలకు మరో అరగంట. కాళేశ్వరంలో మధ్యాహ్నం 2:30కి బండి ఎక్కితే 5:40కి ఇల్లు చేరతారు.

ఈ లెక్కలు మీ పిల్లల చేత వేయించండి. మీటరు చూసి దూరాలు వాళ్లనే రాయమనండి. నా అంకెలు తీసేసి మీ దారి అంకెలు పెట్టుకోండి. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్లు ఉంటే, లెక్క ఎంత సరిగ్గా కట్టినా, కాస్త చక్కెర, రెండు అరటిపండ్లు సంచిలో పెట్టుకోండి. లెక్క తప్పినా అవి ఆదుకుంటాయి.