జీపు చక్రం గాలిలో లేస్తే ఫోర్‌వీలు ఉన్నా లేనట్టే

వానలు మొదలయ్యాయంటే కొండవాలు బాటల్లో సరుకు సంతకు చేర్చడం రైతుకు పెద్ద పరీక్ష. పాడేరు, అరకు వంటి చోట్ల పసుపు, అల్లం బస్తాలు రోడ్డెక్కాలంటే జీపే దిక్కు. మీరు నలుగురు రైతులు కలిసి ఒక పాత ఫోర్‌వీల్ జీపు కొన్నారనుకోండి. వాగు గట్టు దిగగానే ముందు చక్రం ఒకటి, వెనుక చక్రం ఒకటి ఊరికే గిర్రున తిరుగుతుంటాయి. బండి అంగుళం కదలదు. "ఫోర్‌వీల్ గేరు వేశాం కదా, నాలుగు చక్రాలూ లాగాలి కదా!" అని మీకు అనుమానం వస్తుంది. అది న్యాయమైన అనుమానమే.

ఎందుకిలా జరుగుతుంది?

ఇరుసు మధ్యన గుండ్రటి హౌసింగులో డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగేలా చేసేది అదే. అయితే దానికో లోపం ఉంది. రెండు చక్రాలకూ అది సమానమైన లాగుడే ఇస్తుంది. ఒక చక్రం గాలిలో లేచిందంటే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. కాబట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా బలం అందదు. ముందు ఇరుసులో ఎడమ చక్రం, వెనుక ఇరుసులో కుడి చక్రం ఇలా ఐమూలగా తేలిపోతే నాలుగు చక్రాల బండి అక్కడే ఆగిపోతుంది.

కాబట్టి చక్రాలు నేలను వదలకుండా చూసుకోవడమే అసలు కిటుకు. గుంతలో చక్రం కిందికి దిగాలి, మిట్ట మీద పైకి పోవాలి. ఆ పని కమాన్ కట్టలది. పాత మహీంద్రా జీపులకు ముందూ వెనుకా కమాన్లే. 2019 దాకా అమ్మిన మారుతి జిప్సీకి కూడా అంతే.

ముందు పరీక్ష చేసుకోండి

దీనికి ఒక టేపు, రెండు గోనెపట్టాలు చాలు. చదునైన నేల మీద ఖాళీ బండి నిలిపి, ఒక్కో చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోండి. తర్వాత ముందు ఎడమ చక్రాన్ని జానెడు ఎత్తున్న గట్టి దిమ్మ మీదికి మెల్లగా ఎక్కించండి. వెనుక ఎడమ చక్రం, ముందు కుడి చక్రం వచ్చి ఆగే చోట ముందే గోనెపట్టాలు పరిచి ఉంచండి. బండి ఆగాక వాటిని దూరం నుంచి తాడుతో లాగండి. పట్టా సులువుగా వచ్చేసిందంటే ఆ చక్రం మీద బరువు లేదన్నమాట. జానెడు ఎత్తుకే ఇలా జరిగితే కమాన్లు బిగుసుకుపోయాయని గుర్తు. మళ్లీ టేపుతో కొలిస్తే ఏ మూల కదలడం లేదో తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. కొన్ని పాత జీపులకు హ్యాండ్‌బ్రేకు ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. వెనుక చక్రం ఒకటి లేచిందంటే ఆ బ్రేకు పట్టదు. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు అడ్డుపెట్టనిదే బండి దగ్గరికి పోవద్దు. జాకీని నమ్మి కిందికి దూరవద్దు.

ఏం చేయించాలి?

1. కమాన్ పట్టీల మధ్య తుప్పు, ఇసుక చేరితే పట్టీ మీద పట్టీ జారదు. కట్ట విప్పించి, బ్రష్‌తో శుభ్రం చేయించి, గ్రాఫైట్ గ్రీజు పూయించండి. పగిలిన పట్టీ ఉంటే మార్చండి. యూ బోల్టులు కొత్తవే వేయించి, కొంత దూరం తిరిగాక మరోసారి బిగించండి.

2. కమాను వంపు తగ్గి చదునైతే పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటిచ్చేది షాకిల్. దాని బుష్షులు అరిగినా, బోల్టు అతిగా బిగించినా అది ఊగదు. రబ్బరు బుష్షులైతే బండిని చక్రాల మీద నిలబెట్టాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి.

3. పొట్టి షాకబ్జర్లు వేస్తే కమాను ఇంకా దిగగలిగినా అవి దిగనివ్వవు. బండికి సరిపడే పొడవున్నవే కొనండి.

4. చక్రం ఎక్కువ కిందికి దిగినప్పుడు బ్రేకు గొట్టం లాగుకుపోకూడదు. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు ఊడిపోయేంత సాగకూడదు. ఈ రెండూ చూడకుండా బండి బయటికి తీయవద్దు.

పట్టీలు పెంచాలా, తగ్గించాలా?

ఎక్కువ బస్తాలు వేయాలని అదనపు పట్టీలు కట్టించేవారున్నారు. అప్పుడు ఖాళీ బండి కట్టెలా బిగుసుకుని, చక్రాలు నేల విడుస్తాయి. అలాగని పట్టీలు తీయించి అదే బరువు వేస్తే కమాను విరుగుతుంది. కంపెనీ ఇచ్చిన పట్టీలు ఉంచి, బరువు కూడా కంపెనీ చెప్పినంతకే పరిమితం చేయడం మేలు. మిగిలిన బస్తాలకు రెండో ట్రిప్పు వేయండి.

పొడవాటి షాకిళ్లు, దిమ్మలు వేసి బండిని ఎత్తు చేయించుకుంటే బాగుంటుందని కొందరంటారు. ఎత్తు పెరిగితే రాళ్లు తగలవు గానీ చక్రం నేలను పట్టుకోవడం దానంతట అది పెరగదు. పైగా బరువు పైకి చేరి, పక్కవాలు బాటలో బండి దొర్లే ప్రమాదం పెరుగుతుంది. బస్తాల మీద మనుషులు కూర్చుంటే ఇక చెప్పనక్కర్లేదు. కంపెనీ కొలతలు మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. రేపు ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే.

తోలేటప్పుడు

బురదలో దిగక ముందే ఫోర్‌వీల్ వేయండి, దిగబడ్డాక కాదు. బోదె చిన్నదైతే ఐమూలగా కాక నేరుగా దాటండి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి దిగుతాయి గనుక ఐమూల చక్రాలు తేలవు. గుంత లోతుగా ఉంటే దిగి, రాళ్లు పేర్చి ముందుకు పోండి. బురదలో టైరు గాలి అయిదారు పౌన్లు తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. పంపు వెంట ఉంటేనే ఈ పని చేయండి, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపండి. పొడి తారు రోడ్డు మీద ఈ జీపులను ఫోర్‌వీల్‌లో తోలితే గేర్లు, టైర్లు అరుగుతాయి. స్టీరింగు చక్రం లోపల బొటనవేలు పెట్టకండి. రాయి తగిలి చక్రం విసురుగా తిరిగితే వేలు విరుగుతుంది.

కొత్త సామాను కొనేముందు పాత సామాను కదులుతుందో లేదో చూసుకోవడం రైతు లక్షణం. వానలు ముదరక ముందే ఒక పూట బండి ఆపి, టేపు పట్టి కొలవండి. చాలా జీపులకు కావలసింది ఎత్తు కాదు, శుభ్రమూ గ్రీజూను.