ఇవ్వాల్సింది ఇవ్వనప్పుడు

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 3వ సెక్షన్ ప్రకారం అర్హత ఉన్న కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు అందాలి. అంత్యోదయ కార్డు ఉంటే కుటుంబానికి 35 కిలోలు. ఇది దాదాపు అందరికీ తెలిసిన సంగతే. అదే చట్టంలోని 8వ సెక్షన్ గురించి మాత్రం రేషన్ షాపు దగ్గర మాట్లాడుకునేవాళ్లు తక్కువ. ఇవ్వాల్సిన గింజలు ఇవ్వకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఆ మనిషికి ఆహార భద్రతా భత్యం చెల్లించాలని ఆ సెక్షన్ చెబుతుంది. రెండూ చదివిన మామూలు మనిషికి ఏ సందేహమూ రాదు. బియ్యం ఇవ్వండి, ఇవ్వకపోతే డబ్బు కట్టండి, అంతే. కానీ ఈ రెండు ముక్కలనూ కంప్యూటర్ నడపగలిగే తర్కంలో రాయడానికి కూర్చుంటే, అరవై ఏళ్లకు పైగా తార్కికులను తిప్పలు పెడుతున్న చిక్కుముడి ఒకటి ఎదురవుతుంది.

మామూలు తర్కం ఉన్న సంగతుల గురించి మాట్లాడుతుంది. ‘బియ్యం ఇచ్చారు’ అన్నది నిజమో అబద్ధమో అయి తీరుతుంది. ‘బియ్యం ఇవ్వాలి’ అన్నది అలాంటి వాక్యం కాదు. ఇవ్వనంత మాత్రాన అది అబద్ధం కాదు. పైగా, ఇవ్వని రోజునే దానితో అసలు పని పడుతుంది. విధులు, అనుమతులు, నిషేధాల గురించి ఆలోచించే ఈ తర్కశాఖను డియాంటిక్ లాజిక్ అంటారు. మనం విధితర్కం అనుకుందాం. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఎర్నెస్ట్ మల్లీ 1926లో దీనికి మొదటిసారి సూత్రాలు రాశాడు. 1939లో కార్ల్ మెంగర్ ఆ సూత్రాలను తిరగేసి చూస్తే, వాటి ప్రకారం ‘జరగాలి’ అన్నదీ ‘జరిగింది’ అన్నదీ ఒకటే అయిపోతున్నాయని తేలింది. విధికీ వాస్తవానికీ తేడా చూపలేని విధితర్కం ఎవరికీ పనికిరాదు. 1951లో ‘మైండ్’ పత్రికలో ఫిన్లాండ్ తత్వవేత్త గెయోర్గ్ హెన్రిక్ ఫాన్ రిక్ట్ రాసిన వ్యాసంతో ఈ శాఖ మళ్లీ నిలదొక్కుకుంది. ‘తప్పనిసరిగా నిజం’, ‘నిజం కావచ్చు’ అనే మాటల మధ్య ఉన్న సంబంధమే ‘చెయ్యాలి’, ‘చెయ్యవచ్చు’ అనే వాటి మధ్యా ఉందని ఆయన గమనించాడు. చెయ్యకుండా ఉండటం విధి కాకపోతే, చెయ్యడానికి అనుమతి ఉన్నట్టు. చెయ్యకుండా ఉండటమే విధి అయితే, చెయ్యడం నిషేధం.

తర్వాత ఇది ఒక ప్రామాణిక రూపానికి వచ్చింది. నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించిన ఆదర్శ లోకాలను ఊహించుకోండి. వాటన్నింటిలోనూ జరిగేదే విధి. ఒకే పనిని చెయ్యాలనీ చెయ్యకూడదనీ చెప్పడం కుదరదు. ఇంత తేలిగ్గా ఉంది కాబట్టే ఇది వ్యాపించింది. ఇందులో లోపం ఉందని డెన్మార్క్ న్యాయశాస్త్రవేత్త ఆల్ఫ్ రాస్ చెప్పిన ఉదాహరణ 1941 నుంచే ఉంది. ‘ఉత్తరం పోస్టు చెయ్యాలి’ అన్న దాని నుంచి, మామూలు తర్కం లెక్కన, ‘ఉత్తరం పోస్టు చెయ్యాలి లేదా తగలబెట్టాలి’ అని రాబట్టవచ్చు. ఉత్తరం తగలబెట్టినవాడు కూడా ఒక విధిని నెరవేర్చినట్టే లెక్కకొస్తాడు. మనుషులు ఈ నిర్ధారణను పట్టించుకోకుండా వదిలేస్తారు. విధులు ఎన్ని నెరవేరాయో లెక్కగట్టే ప్రోగ్రామ్ వదలదు.

అసలు చిక్కును అమెరికన్ తత్వవేత్త రోడరిక్ చిజమ్ 1963లో బయటపెట్టాడు. ఇరుగుపొరుగుకు సాయం వెళ్లాల్సిన మనిషి ఆయన ఉదాహరణ. వెళ్లేట్టయితే వస్తున్నానని ముందే చెప్పాలి, వెళ్లకపోతే వస్తున్నానని చెప్పకూడదు, తీరా అతను వెళ్లలేదు. మన రేషన్ నియమాలు అచ్చంగా ఈ మూసలోనే ఉన్నాయి. ఒకటి: గింజలు ఇవ్వాలి. రెండు: గింజలు ఇస్తే భత్యం ఇవ్వకూడదు. ఇది 8వ సెక్షన్‌లో ఈ మాటల్లో లేదు గానీ, ఒకే నెలకు రెండూ ఇవ్వరన్నది అందరూ ఒప్పుకునేదే. మూడు: గింజలు ఇవ్వకపోతే భత్యం ఇవ్వాలి. నాలుగు, ఇది నియమం కాదు, జరిగిన సంగతి: గింజలు ఇవ్వలేదు.

ఇప్పుడు యంత్రంలా ఆలోచిద్దాం. ఆదర్శ లోకాలన్నింటిలో గింజలు అందుతాయి. ఒకటీ రెండూ కలిపితే, ఆ లోకాల్లో భత్యం ఉండదు. కాబట్టి ‘భత్యం ఇవ్వకూడదు’ అన్నది విధి. మూడూ నాలుగూ కలిపితే ‘భత్యం ఇవ్వాలి’ అన్నదీ విధే. రెండూ ఒకచోట ఉండకూడదని ముందే ఒప్పుకున్నాం కాబట్టి వైరుధ్యం వచ్చిపడింది. ఒక్క వైరుధ్యం దొరికితే మామూలు తర్కంలో దేన్నైనా రుజువు చెయ్యవచ్చు. ఇందులో చట్టం తప్పు రవ్వంత కూడా లేదు. నాలుగు వాక్యాలూ కలిసి ఉండగలవు, ప్రతి నెలా ఎక్కడో ఒకచోట కలిసే ఉంటాయి.

రాతలో సర్దుకుందామంటే అక్కడా కుదరదు. మూడో నియమాన్ని ‘గింజలు ఇవ్వకపోతే భత్యం ఇవ్వడం అన్నది జరగాలి’ అని మొత్తాన్నీ ఆదర్శ లోకాల్లోకి నెట్టామనుకోండి. ఆ లోకాల్లో గింజలు ఇవ్వకపోవడం ఉండనే ఉండదు. కాబట్టి ‘ఇవ్వకపోతే’ తర్వాత ఏం రాసినా నిజమైపోతుంది. ‘గింజలు ఇవ్వకపోతే భత్యం ఎగ్గొట్టాలి’ అన్నది కూడా మొదటి నియమం నుంచే వచ్చేస్తుంది. ‘ఇవ్వకపోతే కార్డు రద్దు చెయ్యాలి’ అన్నదీ వచ్చేస్తుంది. పార్లమెంటు కూర్చుని రాసిన 8వ సెక్షన్‌కూ, ఎవరూ రాయని ఈ అన్యాయానికీ తేడా లేకుండా పోతుంది. తప్పు జరగని లోకాన్ని మాత్రమే చూడగలిగిన తర్కం తప్పు జరిగిన రోజున ఏ దారీ చూపలేదు. విధితర్కం మొత్తంలో నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. చట్టాన్ని ఆశ్రయించేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే అన్యాయం జరిగినవాళ్లు. వాళ్లకు కావలసింది రెండో మెట్టు విధి.

దీనికి దారి లేకపోలేదు. లోకాలను ఆదర్శమైనవి, కానివి అని రెండుగా చీల్చకుండా మంచి, తక్కువ మంచి, చెడు, మరీ చెడు అని వరసపెట్టవచ్చు. స్వీడన్ తత్వవేత్త బెంట్ హాన్సన్ 1969లో ఈ దారిని పటిష్ఠం చేశాడు. గింజలు అందిన లోకం అన్నింటికన్నా మేలు. అందని లోకాలను మాత్రమే తీసుకుంటే, వాటిలో భత్యం ముట్టిన లోకం మేలు. ‘గింజలు అందనప్పుడు భత్యం ఇవ్వాలి’ అన్న మాటకు ఇప్పుడు సరైన అర్థం దొరికింది. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి కదా, కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే చిక్కు వీడదా అని అడగవచ్చు. కొన్నిచోట్ల వీడుతుంది. కానీ హెన్రీ ప్రాకెన్, మారెక్ సెర్గాట్ 1996లో చూపిన ఉదాహరణలో ముందువెనుకలే లేవు: విడిది ఇంటి చుట్టూ కంచె ఉండకూడదు, ఉంటే అది తెల్ల కంచె అయి ఉండాలి. తప్పూ, దాని దిద్దుబాటూ ఒకే క్షణంలో ఉంటాయి.

మన దేశపు ఆలోచనకు ఇలాంటి ప్రశ్నలు కొత్తవి కావు. ఏ ప్రాణినీ హింసించకూడదన్న వైదిక నిషేధం ఒకవైపు, శత్రువును చంపాలనుకునేవాడు శ్యేనయాగం చెయ్యాలన్న వాక్యం మరోవైపు. రెండూ వేదవాక్యాలే కాబట్టి, వేదవిధుల అర్థం తేల్చే మీమాంసకులు దేన్నీ కొట్టిపారేయలేరు. ఒక నియమం తప్పడానికి సిద్ధపడిన మనిషికి మరో వాక్యం ఏదో చెబుతున్నప్పుడు, ఆ చెప్పడం హింసను విధిగా చెయ్యడం అవుతుందా కాదా అని కుమారిలుడు, ప్రభాకరుడు, వారి శిష్యులు శతాబ్దాలపాటు వాదించుకున్నారు. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన అగాతా చబాతోని, సంస్కృత పండితురాలు ఎలీసా ఫ్రెస్కి, మరికొందరు కలిసి 2015లో మీమాంసా న్యాయాలనుంచి ఒక విధితర్కాన్ని నిర్మించి, అందులో ఆ వాక్యాలు కలిసి ఉన్నా వైరుధ్యం రాదని చూపారు. మీమాంస మన పాఠశాలల్లో పేరుకైనా వినపడదు. తర్కం చదివే మన పిల్లలు దాన్ని వియన్నా నుంచి నేర్చుకోవాల్సి రావడం నాకు బాధగానే ఉంది.

ఇక కంప్యూటర్ల సంగతి. డచ్ పరిశోధకుడు జాన్-జూల్స్ మెయర్ 1988లో విధితర్కాన్ని ప్రోగ్రాముల తర్కంతో కలిపాడు. ఒక పని చేస్తే వ్యవస్థ ‘ఉల్లంఘన’ అని గుర్తు పెట్టిన స్థితికి చేరుతుందనుకుంటే, ఆ పని నిషిద్ధం. 1958లో అలన్ రాస్ ఆండర్సన్ చెప్పిన ఆలోచనకు ఇది కొత్త రూపం. మెయర్, రోల్ వీరింగా కలిసి 1991లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కంప్యూటర్ శాస్త్రంలో విధితర్కంపై మొదటి అంతర్జాతీయ సదస్సు నిర్వహించారు. డేటాబేసుల్లోని షరతులు రెండు జాతులవని వీళ్లు పట్టి చూపారు. మనిషి వయసు సున్నా కన్నా తక్కువ ఉండదు. ఇది తప్పడానికి వీల్లేనిది, కాబట్టి తప్పిన అంకెను డేటాబేసు తిరస్కరించడం సరైన పనే. లైబ్రరీ పుస్తకం గడువులోగా తిరిగి ఇవ్వాలి. ఇది మనుషులు తప్పగలిగేది, తప్పేది. దీన్ని కూడా మొదటి జాతి షరతులా రాస్తే, ఆలస్యంగా వచ్చిన పుస్తకాన్ని నమోదు చెయ్యబోయిన గుమాస్తాను కంప్యూటర్ అడ్డుకుంటుంది. పుస్తకం బల్లమీద ఉంటుంది, తేదీ ఎక్కదు. చివరికి ఆయన గడువులోపలి తేదీ ఏదో ఒకటి వేసి పని ముగిస్తాడు. నియమాన్ని తప్పించలేనిదిగా రాసినందుకు రికార్డు అబద్ధమైపోయింది. తప్పు కూడా నమోదయ్యేలా ఉల్లంఘనకు ఒక గడి, దాని వెంట జరిమానాకు ఒక గడి పెట్టాలి.

రేషన్ షాపులోని ఈ-పాస్ మిషన్ ముందు నిలబడ్డప్పుడు ఈ తేడా ఆకలికి సంబంధించినదవుతుంది. వరినాట్లు వేసీ, కంకర మోసీ వేళ్లు అరిగిపోయిన ముసలామెకు ‘వేలిముద్ర పడటం లేదమ్మా’ అన్న జవాబు వస్తుంది. అలాంటివాళ్లకు వేరే ఏర్పాటు ఉండాలని నిబంధనలు ఉన్నాయి. నా ప్రశ్న ఆ క్షణంలో రికార్డులోకి ఏం ఎక్కుతుందన్నది. ‘గుర్తింపు విఫలం’ అని ఎక్కితే, తప్పు ఆమె వేలిది అయింది. ‘ప్రభుత్వం ఇవ్వాల్సిన 5 కిలోలు ఇంకా ఇవ్వలేదు’ అని ఎక్కితేనే 8వ సెక్షన్‌కు పని మొదలవుతుంది. మొదటిది అనుమతుల భాష. లోపలికి రానివ్వాలా వద్దా అని మాత్రమే అడిగే సాఫ్ట్‌వేర్‌కు అదొక్కటే వచ్చు. పాస్‌వర్డుల నుంచి బ్యాంకు లావాదేవీల దాకా మనం ఇన్నేళ్లూ కట్టుకుంటూ వచ్చింది ఎక్కువగా ఈ భాషలోనే. దాన్ని తెచ్చి హక్కులకు తగిలించినప్పుడు ప్రభుత్వం నెత్తిన ఉన్న విధి పేదవాళ్లు దాటాల్సిన షరతుగా మారిపోతుంది.

చట్టాన్ని ప్రోగ్రామ్‌గా రాసిన ప్రయత్నాల్లో ప్రసిద్ధమైనది 1986లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో మారెక్ సెర్గాట్, రాబర్ట్ కొవాల్స్కీ బృందం చేసినది. 1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టాన్ని వాళ్లు ప్రోలాగ్ భాషలోకి తెచ్చారు. ఆ చట్టం ప్రధానంగా ఎవరు పౌరులో నిర్వచిస్తుంది కాబట్టి విధుల గొడవ పెద్దగా రాలేదు. అయినా ఒకచోట ఆగి ఆలోచించాల్సి వచ్చింది. రుజువు కానిదాన్ని ప్రోలాగ్ అబద్ధంగా తీసుకుంటుంది. అదే చట్టం, బ్రిటన్‌లో అనాథగా దొరికిన పసిగుడ్డు విషయంలో, వేరేలా రుజువైతే తప్ప ఆ బిడ్డను అక్కడే అర్హులైన తల్లిదండ్రులకు పుట్టినట్టు భావించాలంటుంది. రుజువు లేనప్పుడు ఎవరి పక్కన నిలబడాలో చట్టసభ తేల్చి చెప్పింది. ఈ-పాస్ మిషన్ ప్రోగ్రామ్ రాసే ఇంజనీరు కూడా, వేలిముద్ర పడనప్పుడు ఏం భావించాలో రాయక తప్పదు. ఏమీ రాయకపోయినా ఆ ముసలామె పేరు ఏదో ఒక పక్కకు పడుతుంది. ఆ తీర్పు ఇంజనీరు ఒంటరిగా ఇచ్చేది కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో పని మిగిలి ఉంది. ఫాన్ రిక్ట్ నుంచి వచ్చిన ప్రామాణిక తర్కంలో ‘గింజలు ఇవ్వడం జరగాలి’ అని రాయగలం. ఎవరు, ఎవరికి అన్నదానికి అందులో చోటు లేదు. అమెరికన్ న్యాయశాస్త్రవేత్త వెస్లీ హోఫెల్డ్ 1913లోనే ఒకరి హక్కు అంటే మరొకరి విధి అనీ, రెండింటినీ జంటగానే రాయాలనీ చెప్పాడు. కంప్యూటర్ శాస్త్రంలో విధులకు బాధ్యుణ్ణీ హక్కుదారునీ పేరుపెట్టి రాసే తర్కాలు ఈ మాట మీదే ఆధారపడ్డాయి. ఆహార భద్రతా చట్టం ఈ విషయంలో ఆ సూత్రాల కన్నా స్పష్టంగా ఉంది. కేంద్ర నిల్వల నుంచి గింజలు తక్కువ వస్తే, ఆ మేరకు రాష్ట్రానికి కేంద్రం డబ్బు ఇవ్వాలని 23వ సెక్షన్. గింజలు అందకపోతే మనిషికి రాష్ట్రం ఇవ్వాలని 8వ సెక్షన్. ఒక విధి తప్పితే ఇంకొకటి, ప్రతిదానికీ ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఉన్నారు. భత్యం లెక్క ఎలా కట్టాలో చెప్పే నియమాలు కూడా 2015లోనే వచ్చాయి. వీటిని పట్టికగా రాయడానికి గొప్ప తర్కం అక్కర్లేదు: నెల, కార్డు నంబరు, రావాల్సిన కిలోలు, వచ్చిన కిలోలు, తేడాకు బాకీపడిన భత్యం, బాకీ ఎవరిది, చెల్లించిన తేదీ. చివరి గడి ఖాళీగా ఉన్న వరసలన్నీ బయటికి తీసే ప్రశ్న ఒక్క లైను. ఆ లైను ప్రతి నెలా నడవాలి, వచ్చిన జాబితా గ్రామసభ ముందుకు రావాలి.