ఉకాజ్ సంత నుంచి మ్యూనిక్ ప్రదర్శన దాకా



ఇస్లాంకు పూర్వం అరేబియాలో తాయిఫ్ దగ్గర ఏటా జుల్ ఖాదా మాసంలో ఉకాజ్ సంత జరిగేది. దూరదూరాల తెగలవాళ్లు సరుకుతో వచ్చేవారు. ఖురైషులు చలికాలంలో యమన్ వైపు, వేసవిలో సిరియా వైపు బిడారులు నడిపేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) యౌవనంలో హజ్రత్ ఖదీజా (ర.అ) సరుకు తీసుకుని సిరియా వెళ్లి, నమ్మకంగా లెక్క అప్పజెప్పిన సంగతి మనందరికీ తెలుసు. పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది, బేరం పరదేశంలో. ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది దాని నేటి రూపం గురించే: నిర్మాణ యంత్రాలూ వాటి విడిభాగాలూ తయారుచేసేవాళ్లు బృందంగా విదేశీ ప్రదర్శనలకు వెళ్లి ఎగుమతులు సంపాదించడం.

సేవాసంఘానికి ఈ విషయంతో పనేమిటని కొందరు దాతలు అడగవచ్చు. మన పిల్లల్లో ఎందరో జేసీబీ, పొక్లెయిన్, క్రేన్ ఆపరేటర్లుగా గల్ఫ్‌కు వెళ్తున్నారు. ఇక్కడ ఆటోనగర్లలో, పారిశ్రామికవాడల్లో మనవాళ్లు వెల్డింగు, లేత్ పని, హైడ్రాలిక్ మరమ్మతులతో బతుకుతున్నారు. ఆ చేతుల్లో పనితనం ఉంది, ఆ సరుకుకు బజారు లేదు. ఒక షెడ్డుకు బయటి దేశం నుంచి నిలకడగా ఆర్డర్లు వస్తే పదిమంది కుర్రాళ్లకు ఊళ్లోనే పని దొరుకుతుంది. అలా బతికే కుటుంబం మన దగ్గరికి సాయం కోసం రావలసిన అవసరం తగ్గుతుంది.

బజారు ఎంత పెద్దది?

2024-25 ఆర్థిక సంవత్సరంలో మన దేశపు కంపెనీలు ఎగుమతులతో కలిపి 1,40,000కు పైగా నిర్మాణ యంత్రాలు అమ్మాయి. మన శ్రీసిటీలోనే కోబెల్కో ఎక్స్‌కవేటర్లు తయారవుతున్నాయి. పెద్ద యంత్రాలు చేయడం పెద్ద కంపెనీల పని. కానీ ప్రతి యంత్రానికీ బకెట్ పళ్లు, పిన్నులు, బుష్షులు, హైడ్రాలిక్ సిలిండర్లు అరుగుతూనే ఉంటాయి, మారుస్తూనే ఉండాలి. క్రషర్ దవడలు, కాంక్రీటు మిల్లర్లు, సెంట్రింగు సామాను కూడా అంతే. చిన్న షెడ్డుకు చోటు ఉన్నది ఇక్కడ.

ప్రదర్శనకే ఎందుకు వెళ్లాలి?

బట్టల నమూనాను పోస్టులో పంపవచ్చు. యంత్రాన్ని కొనేవాడు మాత్రం తాకి చూడాలంటాడు. అతుకు చూస్తాడు, ఉక్కు ఏ రకమని అడుగుతాడు, పాడైతే విడిభాగం ఎన్ని రోజుల్లో పంపుతారని నిలదీస్తాడు. జర్మనీలోని మ్యూనిక్‌లో మూడేళ్లకోసారి జరిగే బౌమా ఈ రంగంలో ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రదర్శన. 2025 ఏప్రిల్ 7 నుంచి 13 వరకు జరిగిన బౌమాలో 57 దేశాల నుంచి సుమారు 3,600 సంస్థలు స్టాళ్లు పెట్టాయి. సందర్శకులు దాదాపు 6 లక్షలు. తర్వాతిది 2028లో. అమెరికాలోని లాస్ వేగాస్‌లో కోనెక్స్‌పో కూడా మూడేళ్లకోసారే. దుబాయిలో బిగ్ ఫైవ్ ఏటా జరుగుతుంది. గల్ఫ్, ఆఫ్రికా కొనుగోలుదారులు అక్కడికి వస్తారు. కాబట్టి మన చిన్న తయారీదారుకు ఖర్చులోనూ దూరంలోనూ అదే దగ్గర. భారత్, యూఏఈల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. అనేక సరుకులపై సుంకం తగ్గింది.

బృందంగా ఎందుకు?

ఒంటరిగా వెళ్లిన చిన్న సంస్థ స్టాలు ఎక్కడో మూల పడిపోతుంది. భారత పెవిలియన్ కింద ఇరవై ముప్పై సంస్థలు ఒకేచోట నిలబడితే దేశం పేరు చూసి కొనుగోలుదారు ఆగుతాడు. స్థలం అద్దె, స్టాలు అలంకరణ, దుబాసీ, ప్రచారం ఖర్చు అందరూ పంచుకుంటారు. ఇంజనీరింగ్ సరుకులకు ఈ పని చేసే ప్రధాన సంస్థ ఈఈపీసీ ఇండియా. 1955లో ఏర్పడిన ఈ ఎగుమతుల ప్రోత్సాహక మండలికి హైదరాబాదులోనూ కార్యాలయం ఉంది. కేంద్ర వాణిజ్యశాఖ మార్కెట్ యాక్సెస్ ఇనిషియేటివ్ అనే పథకం కింద ఇలాంటి ప్రదర్శనలకు సాయం చేస్తూ వచ్చింది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతుల ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించి, ఆ పథకాన్ని అందులో కలిపింది. చిన్న పరిశ్రమల మంత్రిత్వశాఖకు అంతర్జాతీయ సహకార పథకం వేరుగా ఉంది. నియమాలు మారుతుంటాయి. టికెట్టు కొనకముందే తన సంస్థకు ఏమి వర్తిస్తుందో మండలి నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

వెళ్లేముందు సిద్ధం కావలసినవి

ఎగుమతి, దిగుమతి కోడ్ లేనిదే సరుకు కదలదు. సరుకుకు సరైన హెచ్‌ఎస్ కోడ్ తెలియాలి: ఎక్స్‌కవేటర్లు, బుల్‌డోజర్లు 8429 కిందికి, వాటి విడిభాగాలు 8431 కిందికి, క్రషర్లు, మిల్లర్లు 8474 కిందికి వస్తాయి. యంత్రాన్ని యూరప్‌లో అమ్మాలంటే సీఈ గుర్తు ఉండాలి. అక్కడ యంత్రాల భద్రతపై కొత్త నిబంధనలు 2027 జనవరి 20 నుంచి వర్తిస్తాయి. నమూనా యంత్రాన్ని చూపించి వెనక్కి తెచ్చుకునేట్టయితే ఏటీఏ కార్నే అనే పత్రం తీసుకోవాలి. దానివల్ల అవతలి దేశంలో సుంకం కట్టనక్కర్లేదు. మన దేశంలో దాన్ని ఫిక్కీ ఇస్తుంది. గడువు ఏడాది వరకు. కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడతాడేమోనన్న భయానికి 1957 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ రక్షణ ఉంది.

ధర కూడా రెండు విధాలుగా చెప్పగలగాలి: మన రేవులో ఓడ ఎక్కించేవరకు ఎంత, వాళ్ల రేవు చేరేవరకు రవాణా, బీమాతో ఎంత. ఈ లెక్క తెలియక స్టాల్లో తడబడినవాడిని కొనుగోలుదారు మళ్లీ పలకరించడు. దుబాయికి వెళ్లేవారు కరపత్రం ఇంగ్లీషుతో పాటు అరబ్బీలోనూ వేయించుకోవాలి.

ఎక్కడ దెబ్బ తింటున్నారు?

ఒక నిజం దాచకూడదు. ప్రదర్శనకు వెళ్లినంత మాత్రాన ఆర్డరు రాదు. కొందరికి అది విహారయాత్రగానే మిగిలిపోతుంది. సంచి నిండా విజిటింగ్ కార్డులతో తిరిగొచ్చి, వారంలోగా ఒక్కరికీ జవాబు రాయరు. ఈ రంగంలో కొనుగోలుదారు మొదటిసారి చూస్తాడు, తర్వాత నమూనా అడుగుతాడు, ఆ తర్వాతే కంటైనరు మాట ఎత్తుతాడు. రెండుమూడు సార్లు కనిపించిన మనిషినే నమ్ముతాడు. అందుకని మొదట బెంగళూరులో రెండేళ్లకోసారి జరిగే ఎక్స్‌కాన్‌కు వెళ్లి చూడమని మా సలహా. విదేశీయులు అక్కడికీ వస్తారు, ఖర్చు రైలు టికెట్టే.

రెండో దెబ్బ డబ్బుది. ప్రభుత్వ సాయం సాధారణంగా ఖర్చు పెట్టి, బిల్లులు సమర్పించిన తర్వాతే తిరిగి వస్తుంది. విమానం, స్టాలు, నమూనా రవాణా ఖర్చు అంతా ముందు చేతినుంచి పెట్టాలి. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాదు. చిన్న షెడ్డువాడు మాత్రం వడ్డీకి తెస్తాడు, లేదా వెళ్లడమే మానేస్తాడు. వడ్డీ నుంచి మనిషిని తప్పించడం మనకు ధర్మం కూడా.

దాతలు చేయగలిగింది

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పనికి జకాత్ సొమ్ము ముట్టుకోకూడదు. దివ్య ఖుర్ఆన్ జకాత్‌కు ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. షెడ్డు నడిపే యజమాని ప్రయాణ ఖర్చు వాటిలోకి రాదు. అనాథలకు, వితంతువులకు చెందవలసినది వాళ్లకే చెందాలి.

ఇందుకు తగినది ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు. దాత ఇష్టపూర్వకంగా, జకాత్‌తో కలపకుండా, విడిగా ఇచ్చిన సొమ్ముతో ఒక నిధి పెట్టవచ్చు. బిల్లుల సాయం వచ్చేదాకా ఆ నిధి నుంచి అప్పు ఇచ్చి, రాగానే తిరిగి జమ చేసుకుంటే అదే డబ్బు మరుసటి ఏడాది మరొకరికి పనికొస్తుంది. సాయం మంజూరు కాకపోయినా తీర్చగలవాడికే ఇవ్వాలి, ఇద్దరు జామీనులు ఉండాలి, రాతకోతలు పక్కాగా ఉండాలి. అప్పును రాసిపెట్టుకోమన్నది కూడా ఖుర్ఆన్ ఆదేశమే.

డబ్బు ఇవ్వలేని దాతలూ చేయగలిగింది ఉంది. దుబాయి, రియాద్, దోహాల్లో పనిచేస్తున్న మన సోదరులకు అక్కడి కాంట్రాక్టర్లు తెలుసు, ఏ యంత్రానికి ఏ విడిభాగం త్వరగా అరుగుతుందో తెలుసు. ఆ సమాచారం ఇక్కడి షెడ్డుకు చేరవేయడం పెద్ద సాయం. ఎగుమతి పత్రాలు తెలిసినవారు నెలకు ఒక ఆదివారం కేటాయించి ఐటీఐ చదివిన పిల్లలకు నేర్పవచ్చు.

పోషించే చేతిని బలపరచడం కూడా దానమే. మన షెడ్డులో చేసిన పిన్ను ఒకటి పరదేశపు పొక్లెయిన్‌లో అరగకుండా నిలబడితే, దాన్ని చేసిన కుర్రాడి ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది. అతని కష్టార్జితంలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.