ఒక పాస్టరు, ఒక గర్భిణి, రెండు రకాల ప్రేక్షకులు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



సినిమా ఆఖర్న శుభం కార్డు పడాలని ఎవరూ చట్టం చెయ్యలేదు గానీ, పడకపోతే మాత్రం మనకేదో బాకీ ఉండిపోయినట్టుంటుంది. 2018లో అమెరికాలో విడుదలైన 'ఫస్ట్ రిఫార్మ్‌డ్' అనే ఇంగ్లీషు సినిమా ప్రేక్షకులకి అలాంటి బాకీయే మిగిల్చింది. మాట్లాడుతున్న మనిషి సగం మాటలో లేచి వెళ్ళిపోయినట్టు, తెర నల్లబడి ఆగిపోతుంది. విమర్శకుల్లో నూటికి 90 మందికి పైగా మెచ్చుకున్నారు. మామూలు ప్రేక్షకుల్లో మాత్రం అంత ఏకాభిప్రాయం లేదు. ఇంత గొప్ప సినిమా చూడలేదన్నవాళ్ళున్నారు, రెండు గంటలూ దండగన్నవాళ్ళూ ఉన్నారు. పరాయి దేశపు చర్చి గొడవ మనకెందుకని రేడియో కట్టెయ్యకండి. కథ నిజానికి మొదలయ్యేది ఓ పుట్టబోయే బిడ్డ దగ్గర.

న్యూయార్క్ రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. అక్కడ డచ్చివాళ్ళ కాలంనాటి తెల్లని చర్చి. 250 ఏళ్ళు నిండబోతున్నాయి. ఒకప్పుడు పారిపోయి వచ్చిన బానిసల్ని దాచి కాపాడిన చర్చి అది. ఇప్పుడు ఆదివారంనాడు వచ్చేది పట్టుమని పదిమంది. దాని పాస్టరు టోలర్. వంశాచారమని కొడుకుని సైన్యంలో చేరమన్నాడు. కొడుకు ఇరాక్‌లో చనిపోయాడు, భార్య విడిచి వెళ్ళిపోయింది. ఒంట్లో జబ్బు, చేతిలో గ్లాసు, బల్లమీద ఓ డైరీ. అదీ ఆయన సంసారం. ఈథన్ హాక్ ఈ వేషం వేశాడు.

ఆయన దగ్గరికి మేరీ అనే గర్భిణి వస్తుంది. ఆమె భర్త మైకేల్ పర్యావరణం కోసం పోరాడి జైలుకి వెళ్ళొచ్చినవాడు. ఈ బిడ్డ వద్దంటాడు. కడుపులో ఉన్న పాప 2050 నాటికి 33 ఏళ్ళది అవుతుంది, అప్పటికి ఈ భూమి ఎలా ఉంటుందో తెలిసి తెలిసి కంటామా, అని అతని ప్రశ్న. అతనిది పిచ్చి అని తోసెయ్యడానికి లేదండీ. యంత్రాల యుగానికి ముందు గాలిలో ప్రతి పదిలక్షల పాళ్ళలో 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు, 2013లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండమీద కొలిస్తే 400 దాటింది. ఇప్పుడు 420 కూడా దాటిపోయింది. మైకేల్ లెక్కలు చెబుతుంటే పాస్టరు దగ్గర ఎదురు లెక్కలు లేవు. ఆయన చెప్పేది ఒక్కటే. ఆశా, నిరాశా రెండూ ఒక్క మనసులో మోస్తూ బతకడమే బతుకు అని. మాట బాగానే ఉంది. కానీ కొద్దిరోజులకే మైకేల్ ప్రాణం తీసుకుంటాడు. అంతకుముందే మేరీకి గరాజులో పేలుడు పదార్థాలు కుట్టిన చొక్కా ఒకటి దొరుకుతుంది. దాన్ని పాస్టరు తీసుకెళ్ళి దాస్తాడు. ఆ తరవాత చచ్చినవాడి దిగులు, అంటురోగంలాగా, ఓదార్చడానికి వెళ్ళిన మనిషికే పట్టుకుంటుంది.

చర్చి ఉత్సవానికి డబ్బిచ్చే బాల్క్ అనే ఫ్యాక్టరీ యజమాని నీళ్ళూ, గాలీ పాడుచేసేవాడని టోలర్‌కి తెలుస్తుంది. పెద్ద చర్చి పాస్టరు జెఫర్స్‌కి ఆ సంగతి పట్టదు. ఆయనకి నడిపించాల్సిన సంస్థ ఉంది, కట్టాల్సిన బిల్లులున్నాయి. ఉత్సవం రోజున టోలర్ ఆ చొక్కా తొడుక్కుంటాడు.

ఇక తగాదా. నమ్మకమున్న క్రైస్తవుల్లోనే రెండు పక్షాలొచ్చాయి. దైవసేవకుణ్ణి హింసకి దిగేవాడిగా చూపించడం అపచారమని ఒక పక్షం. ప్రార్థన చెయ్యలేకపోతున్న మనిషి బాధని ఇంత నిజాయితీగా ఎవరు చూపించారని రెండో పక్షం. తీసిన పాల్ ష్రేడర్ బయటివాడేం కాదు. మిషిగన్ రాష్ట్రంలో కట్టుదిట్టమైన కాల్విన్ మతస్థుల ఇంట్లో పెరిగాడు. సినిమా చూడటమే పాపమనే ఇల్లు అది. టీనేజి చివరిదాకా సినిమా ఎరగడు. అలాంటివాడు 1976లో వచ్చిన 'టాక్సీ డ్రైవర్'కి కథ రాశాడు. ఈ సినిమాకి రాసిన స్క్రీన్‌ప్లేకి 2019లో మొట్టమొదటిసారి ఆస్కార్ నామినేషన్ అందుకున్నాడు.

విమర్శకులకి అంత నచ్చడానికి ఇంకో కారణముంది. 1951లో బ్రెస్సాన్ తీసిన పల్లెటూరి పాస్టరు డైరీ కథా, 1963లో బెర్గ్‌మన్ తీసిన 'వింటర్ లైట్' చూసినవాళ్ళకి ఇందులో పాత చుట్టాలు కనిపిస్తారు. బెర్గ్‌మన్ సినిమాలో ఓ జాలరి చైనావాళ్ళ అణుబాంబు గురించి దిగులుపడి పాస్టరు దగ్గరికి వస్తాడు. అక్కడా ఓదార్పు ఫలించదు. ష్రేడర్ బాంబు తీసి భూమి వేడిని పెట్టాడన్నమాట. ఈ చుట్టరికం తెలియనివాళ్ళకి మిగిలేది కదలని కెమెరా, పాతకాలంలాగా దాదాపు నలుచదరపు తెర, పొడుగాటి మౌనాలు. వాళ్ళు విసుక్కున్నారంటే తప్పు పట్టను. నా చూపూ మధ్యలో ఓసారి గోడ గడియారం మీదికి పోయింది.

పర్యావరణం కోసం పాటుపడేవాళ్ళకీ ఇబ్బందే. తమ భయాన్ని ఇన్నాళ్ళకి ఎవరో పట్టించుకున్నారని ఒక సంతోషం. ఆ భయం చివరికి ఆత్మహత్యకీ, బాంబుకీ దారితీస్తుందన్నట్టు చూపిస్తే తమనందరినీ పిచ్చివాళ్ళ కింద జమకడతారని ఒక కోపం. ఈ కోపం నాకు న్యాయంగానే తోస్తుంది. చెట్టు నాటేవాడూ, కోర్టుకెళ్ళేవాడూ, వాగు శుభ్రం చేసేవాడూ ఈ సినిమాలో ఎవరూ లేరు. అయితే జెఫర్స్ చేత ఓ మంచిమాట చెప్పించారు. నువ్వు ఎప్పుడూ గెత్సేమనే తోటలోనే ఉంటావు, యేసు కూడా అస్తమానం అక్కడే ఉండిపోలేదు కదా, అని మందలిస్తాడాయన. డబ్బు మనిషని మనం కొట్టిపారేసినవాడి నోట్లోంచి ఆ మాట వస్తుంది. హాస్యనటుడిగా పేరున్న సెడ్రిక్ కైల్స్ ఆ వేషం ఎంత హుందాగా చేశాడో!

నా ఫిర్యాదు మటుకు వేరే. మగవాళ్ళిద్దరి నిరాశకీ ఇన్ని మాటలు దొరికాయి, మేరీకి దొరకలేదు. భర్తని డాక్టరుకో, పాస్టరుకో చూపిద్దామని తిరిగిందీ ఆవిడే, ఆ చొక్కా కంటపడిందీ ఆవిడకే, పోయినవాడి సామాను సర్దిందీ ఆవిడే. ఇంత చేసిన మనిషిని చివరికి పాస్టరుని బతికించే దేవతలాగా నిలబెట్టి ఊరుకున్నారు. ఎస్తేర్ అని ఇంకో ఆవిడుంది, టోలర్ ఆరోగ్యం కనిపెట్టుకుని తిరుగుతుంది. తిన్నారా, డాక్టరుకి చూపించుకున్నారా అని అడిగిన పాపానికి ఆమెని ఎంతమాట అంటాడో! భూమి మొత్తం కోసం ఏడ్చే మనిషికి ఎదురుగా ఉన్న ఆడమనిషి కళ్ళనీళ్ళు కనబడకపోవడం, ఇది మటుకు ష్రేడర్ తెలిసే చూపించాడని నా నమ్మకం. టోలర్‌ని మహాత్ముడంటూ మెచ్చుకునేవాళ్ళు ఆ ఒక్క సన్నివేశం మళ్ళీ చూడాలి.

ఆఖరికి వద్దాం. రావద్దన్నా మేరీ ఉత్సవానికి వస్తుంది. కిటికీలోంచి ఆమెని చూసి టోలర్ చొక్కా విప్పేస్తాడు, ఊరివాళ్ళు బతికిపోతారు. తననే హింసించుకుని చావబోతుంటే గుమ్మంలో మేరీ! ఇద్దరూ కావలించుకుంటారు, అంతదాకా కదలని కెమెరా వాళ్ళ చుట్టూ తిరుగుతుంది, టక్కున ఆగిపోతుంది. అవతల చర్చిలో ఎస్తేర్ కీర్తన పాడుతూనే ఉంది. అది నిజంగా జరిగిన అద్భుతమా, చావబోయేవాడి కలా? ష్రేడర్ కూడా తేల్చి చెప్పలేదు, కావాలనే అలా వదిలేశానన్నాడు. దేవుడి దయ అడక్కుండానే వస్తుందని నమ్మేవాళ్ళకి అది అద్భుతం. చేసినదానికి ఫలితం అనుభవించాల్సిందే అనేవాళ్ళకి అది కల. ముగింపు గురించి అడిగితే జనం చెబుతున్నది తమ నమ్మకం గురించే. అందుకే ఆ వాదన తెగదు. నన్నడిగితే నిజమనే అంటాను. బిడ్డని మోస్తున్న మనిషి ఆ తలుపు తోసుకుని రావడంలో నాకేమీ వింత కనపడలేదు.

మేరీగా వేసిన అమాండా సైఫ్రెడ్ షూటింగు రోజుల్లో నిజంగానే గర్భిణి. 2017లో ప్రసవించింది. ఆడపిల్ల. మైకేల్ భయపడిన 2050లో ఆ అమ్మాయికి సరిగ్గా 33 ఏళ్ళు.